స్పెయిన్‌లో అదనపు ఛార్జీల గురించి స్పానిష్‌లో ఎలా అడగాలి?

ప్రశ్న: అమ్మానాన్నలతో, 12 ఏళ్ల పాపతో బార్సిలోనా, మాడ్రిడ్ వెళ్తున్నాం. చెప్పిన ధర మీద ఇంకేమైనా వేస్తారేమో అడగాలంటే ఏమనాలి? తెలుగు లిపిలో రాయండి, పెద్దవాళ్లు కూడా చదువుకుంటారు.

జవాబు: ముందు ఉచ్చారణ. స్పానిష్‌లో ట, డ లేవు, మన త, ద ఉన్నాయి. కింద రాసింది ఉన్నదున్నట్టు చదివితే చాలు, అర్థమవుతుంది.

"ఎస్తా తోదో ఇంక్లుయీదో?" (అన్నీ కలిపేనా?) అని మాత్రం అడగకండి. హోటళ్లలో "తోదో ఇంక్లుయీదో" అంటే భోజనాలతో సహా ఇచ్చే ప్యాకేజీ పేరు, అవతలివాళ్లు వేరేగా అర్థం చేసుకోవచ్చు. పైగా ఎవరైనా "సీ" (అవును) అనేసి ఊరుకుంటారు. దాని బదులు "ఆయ్ కె పగార్ ఆల్గో మాస్?" (ఇంకేమైనా కట్టాలా?) అనండి. ఆ వెంటనే "క్వాంతో ఎస్ ఎన్ తోతాల్?" (మొత్తం ఎంత?). ఈ రెండూ నోటికి వస్తే సగం పని అయినట్టే.

బార్సిలోనా హోటల్లో "లా తాసా తురీస్తికా ఎస్తా ఇంక్లుయీదా?" తప్పకుండా అడగండి. తాసా తురీస్తికా అంటే పర్యాటక పన్ను, మనిషికి రాత్రికి ఇంత అని. ఆన్‌లైన్‌లో గది డబ్బు మొత్తం కట్టేసినా దీన్ని చాలాసార్లు కౌంటర్ దగ్గర విడిగా తీసుకుంటారు. 16 ఏళ్లు, అంతకు లోపు పిల్లలకు లేదు. కాబట్టి పాప పేరున వేశారేమో చూసుకోండి.

మరో జవాబు: రెస్టారెంట్ సంగతి. మెనూలో ధర ఈవాతో (అంటే అక్కడి జీఎస్టీ) కలిపే ఉండాలి. తేడా వచ్చేది బయట బల్లల దగ్గర. కూర్చోకముందే "ఆయ్ సుప్లెమెంతో దె తెర్రాసా?" (బయట కూర్చుంటే అదనంగా వేస్తారా?) అనండి. అడగకుండా బుట్టలో పెట్టే రొట్టె ఉచితం అనుకోవద్దు, "ఎల్ పాన్ సె పాగా అపార్తె?" (రొట్టెకు విడిగా కట్టాలా?). నీళ్లకు "ఆగ్వా దెల్ గ్రీఫో" అనండి. 2022 చట్టం ప్రకారం కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలి. ఉత్త "ఆగ్వా" అంటే సీసా తెస్తారు, దానికి బిల్లు పడుతుంది.

ప్రశ్న: తెప్పించుకోనిది బిల్లులో కనిపిస్తే?

జవాబు: ఆ వరుస మీద వేలు పెట్టి "దె కే ఎస్ ఎస్తె కార్గో?" (ఇది దేనికి?) అని అడగండి. తర్వాత "ఎస్తో నో లో ఎమోస్ పెదీదో" (ఇది మేం అడగలేదు). అప్పటికీ తీయకపోతే "లా ఓహా దె రెక్లమసియోనెస్, పోర్ ఫవోర్" అనండి. ఇది అధికారిక ఫిర్యాదు పత్రం, అడిగినవాళ్లకు ఇచ్చి తీరాలి. గొంతు పెంచాల్సిన పని లేదు.

ఇంకొకటి, కార్డు మెషీన్ రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే యూరోలే ఎంచుకోండి. ఏటీఎంలో అయితే "సిన్ కొన్వెర్సియోన్" (మారకం లేకుండా) అన్నది నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు ఆ మెషీన్ వాళ్లదే, అందులో వాళ్ల లాభం కలిసి ఉంటుంది.

చివరి జవాబు: జవాబు వినడమే అసలు కష్టమండీ. "సెసెంతా" 60, "సెతెంతా" 70, వేగంగా అంటే రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచి చేతికిచ్చి "మె లో ఎస్క్రీబె, పోర్ ఫవోర్?" (రాసి చూపిస్తారా?) అనండి. అంకె కనిపించాక "పోర్ పెర్సోనా?" (మనిషికా?), "పోర్ నోచె?" (రాత్రికా?) అని కూడా అడిగి తేల్చుకోండి.