పాత హార్మనీ ఆర్చ్‌టాప్ కొన్నాను, రిపేరుకు 450 డాలర్లు అంటున్నారు. చేయించాలా?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి, ఇప్పుడు ఉండేది ఒహాయోలోని కొలంబస్‌లో. కాలేజీ రోజుల నుంచి గిటార్ వాయిస్తున్నాను కానీ అన్నీ పొట్ట బల్లపరుపుగా ఉండే మామూలు ఫ్లాట్‌టాప్‌లే.

పోయిన నెల మా వీధి చివర ఇంట్లో పెద్దాయన పోతే, వాళ్ళమ్మాయి సామాన్లన్నీ అమ్మకానికి పెట్టింది. గ్యారేజీలో కుట్టుమిషను వెనకాల ఈ గిటార్ కనబడింది. ఆర్చ్‌టాప్, అంటే పొట్ట వయొలిన్‌లా ఉబ్బి ఉంది, అటూ ఇటూ ఎఫ్ ఆకారంలో రంధ్రాలు. 140 డాలర్లు అంది. బేరమాడదామనుకున్నాను గానీ, "నాన్న ప్రతి ఆదివారం చర్చిలో దీన్నే వాయించేవాడు" అనేసరికి నోరు రాలేదు.

ఇంటికొచ్చి ఫోన్ లైటు లోపలికి వేసి చూస్తే వీపు చెక్క మీద "ఎఫ్-57" అని ముద్ర కనిపించింది. తల మీద హార్మనీ అని ఉంది. మోడల్ ఆర్చ్‌టోన్ అని ఇంటర్నెట్‌లో బొమ్మలు చూసి పోల్చుకున్నాను. పొట్ట మీద ఒక పక్క అరచేయంత మేర రంగు ముదురుగా ఉంది, పక్కనే రెండు చిన్న స్క్రూ కన్నాలు. అక్కడ ఏదో ఉండేది, ఇప్పుడు లేదు.

ఇక నా బాధలు. పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు మెట్టు) దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఎడం 5 మిల్లీమీటర్లు ఉంది. అరగంట వాయిస్తే వేళ్ళు మండిపోతున్నాయి. పైగా దుమ్ము తుడుద్దామని తీగలన్నీ ఒకేసారి తీసేశాను. తీగల్ని పొట్ట మీద ఎత్తి పట్టే బ్రిడ్జ్ రెండు ముక్కలై చేతిలోకి వచ్చేసింది! అది అతికించి ఉండదని నాకు తెలియదు. అందాజుగా మళ్ళీ పెట్టాను. విడి తీగలు శ్రుతిలోనే ఉంటున్నాయి, ఐదో ఫ్రెట్ దాటితే మాత్రం అన్నీ తప్పుతున్నాయి. ఇంకోటి, శబ్దం సాగట్లేదు. కార్డ్ వాయించగానే టక్కున ఆగిపోతోంది.

ఇక్కడి షాపులో చూపిస్తే నెక్ రీసెట్ (మెడ ఊడదీసి, కోణం సరిచేసి మళ్ళీ అతికించడం) చేయాలి, 450 డాలర్లు అవుతుంది, ఈ గిటార్‌కి అంత పెట్టడం దండగ, గోడకి తగిలించుకోండి అన్నారు. అప్పట్నుంచి మనసు మనసులో లేదు. అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.


పన్నెండోమెట్టు:

గోదారిగట్టు గారూ, గోడకి మాత్రం తగిలించకండి. 450 కూడా ఇప్పుడే పెట్టకండి. ముందు మీ చేతులతో చేసి చూడాల్సిన పనులు కొన్ని ఉన్నాయి.

నేను షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉంటాను, సొంతూరు గుంటూరు. నా దగ్గర ఇలాంటివి మూడున్నాయి. మీలాంటిదే ఒక ఆర్చ్‌టోన్, వీపు మహాగనీతో ఉన్న హార్మనీ పాట్రీషియన్ ఒకటి, కే కంపెనీ చేసి సియర్స్ వాళ్ళు సిల్వర్‌టోన్ పేరుతో అమ్మినది ఇంకొకటి. మూడూ ఈ షికాగోలో పుట్టినవే. హార్మనీ 1892లో ఇక్కడే మొదలైంది. 1916లో సియర్స్ దాన్ని కొనేసి, 1940లో వదిలేసుకుంది. 1975లో మూతపడింది. పల్లెటూళ్ళలో ఉండే రైతులు, కూలీలు సియర్స్ క్యాటలాగ్ చూసి పోస్టులో తెప్పించుకున్న గిటార్లివి. ఖరీదైన ఆర్చ్‌టాప్‌కి పొట్ట చెక్కను ఉలితో చెక్కి వంపు తెస్తారు. గిబ్సన్ ఎల్-5 అలాంటిది, ఎఫ్ రంధ్రాల గిటార్లకి 1922లో అదే దారి చూపింది. మనవాటికి చెక్కని వేడి చేసి అచ్చులో నొక్కి వంపు తెచ్చారు. అందుకే చవక. మీ ఆర్చ్‌టోన్ మొత్తం బర్చ్ చెక్క. దాని మీద కనిపించే చారల్లో కొన్ని రంగుతో వేసినవి, అంచు చుట్టూ ఉన్న తెల్లగీత కూడా పెయింటే. దాన్ని చూసి చిన్నబుచ్చుకోకండి. మీ ముద్రలో 57 అంటే 1957, ఆ ఏడు ఫ్యాక్టరీలో ఎవరో మనిషి బల్ల ముందు కూర్చుని చేసిన పని అది. నాకు ఆ గీతంటే చాలా ఇష్టం. నాదాన్లో నడుం దగ్గర ఒకచోట గీత కొంచెం లావైంది, అక్కడ చెయ్యి ఆగినట్టుంది.

ఇక పనిలోకి వద్దాం. బ్రిడ్జ్ పై ముక్కను పరీక్షగా చూడండి. మెట్లుమెట్లుగా కోసి ఉంటే దానికి లావు తీగల వైపు, సన్న తీగల వైపు అని వేరువేరుగా ఉంటాయి. ఊడి వచ్చినప్పుడు తారుమారైతే శ్రుతి ఎప్పటికీ కుదరదు. అది సరిచూసుకున్నాక, నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ) నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా ఎంతుందో కొలిచి, అక్కణ్ణుంచి మళ్ళీ అంతే దూరంలో బ్రిడ్జ్ పెట్టండి. అది మొదటి అంచనా మాత్రమే. తర్వాత ఒక్కో తీగకీ పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగని నొక్కకుండా వేలు ఆనించి మీటే స్వరం) మోగించి, అదే చోట నొక్కి మీటి, ట్యూనర్‌లో రెండూ పోల్చండి. నొక్కినప్పుడు స్వరం హెచ్చితే బ్రిడ్జ్‌ని టెయిల్‌పీస్ (అడుగున తీగలు కట్టే లోహపు ముక్క) వైపు జరపాలి, తగ్గితే మెడ వైపు. జరిపే ముందు తీగలు కాస్త వదులు చేయండి, లేకపోతే వార్నిష్ గీసుకుపోతుంది. లావు తీగ వైపు బ్రిడ్జ్ కొంచెం వెనక్కి, ఏటవాలుగా కుదురుతుంది, అది మామూలే. కుదిరాక పాదాల చుట్టూ సన్నగా పెన్సిల్ గీత పెట్టుకోండి. ఇకమీదట తీగలు ఒకటి తీసి ఒకటి వేయండి.

ఇప్పుడు మెడ సంగతి. పొడుగాటి ఉక్కు స్కేలు ఒకటి ఫ్రెట్ల మీద పరిచి బ్రిడ్జ్ దాకా చాచండి. బ్రిడ్జ్ ఎత్తు మార్చే చక్రాలు పూర్తిగా కిందికి దించాక, స్కేలు చివర బ్రిడ్జ్ పై అంచుకి కొంచెం అటూఇటూగా తగిలితే మెడ బాగానే ఉన్నట్టు. మరీ కిందికి పోయి బ్రిడ్జ్ నడుముకి గుద్దుకుంటే మెడ ముందుకు వాలిందని అర్థం, అప్పుడు రీసెట్ తప్పదు. ఆ చక్రాలు చాలా వాటిల్లో తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటాయి. షాపువాళ్ళు వాటిని తిప్పి చూశారా లేదా అన్నది నాకు ముఖ్యమైన సందేహం. చుక్క నూనె వేసి, రాత్రంతా వదిలేసి, పొద్దున్నే తిప్పండి. ప్లయర్‌తో బలవంతం చేయొద్దు. బ్రిడ్జ్ 2 మిల్లీమీటర్లు దిగితే పన్నెండో ఫ్రెట్ దగ్గర 1 తగ్గుతుంది, ఆ లెక్క గుర్తుంచుకోండి.

నా సిల్వర్‌టోన్‌కి జరిగింది చెప్తాను, మీరైనా జాగ్రత్త పడతారు. 2011లో ఒకాయనకి రిపేరుకిచ్చాను. బ్రిడ్జ్ కదులుతోందని ఆయన దాన్ని పొట్టకి ఎపాక్సీతో అతికించేశాడు. మెడ లేస్తోందని, అది ఒంటికి కలిసే మడమలోంచి పెద్ద బోల్టు దించాడు. ఇంటికి తెచ్చి వాయిస్తే చచ్చిన శబ్దం. తర్వాత ఇంకొకరి దగ్గర దాన్ని విప్పించడానికి ఐదు నెలలు పట్టింది. ఆ కాలపు మెడలు పశువుల తోళ్ళు, ఎముకలు కాచి తీసిన బంకతో అతికించినవి. ఆవిరి పడితే అవి మెత్తబడి ఊడొస్తాయి, మళ్ళీ అదే బంకతో అతుక్కుంటాయి. ఎపాక్సీ వాడితే ఆ దారి మూసుకుపోతుంది. రేపు మీకు నిజంగా రీసెట్ అవసరమైతే, ఏ బంక వాడతారని మొదట అడగండి.

శబ్దం సాగట్లేదన్నారు. అదే దాని గుణం అండీ. ఫ్లాట్‌టాప్‌లో తీగలు పొట్టకి అతికించిన బ్రిడ్జ్‌ని లాగుతూ ఉంటాయి. ఇందులో బ్రిడ్జ్ మీదుగా పోయి టెయిల్‌పీస్‌కి కట్టి ఉంటాయి కాబట్టి పొట్టని కిందికి నొక్కుతాయి. శబ్దం చప్పున లేచి చప్పున ఆగుతుంది. యాంప్లిఫయర్లు ఇంకా సరిగా రాని రోజుల్లో ట్రంపెట్లు, సాక్సఫోన్ల మధ్య గిటార్ వినబడాలంటే శబ్దంలో ఆ పదును కావాలి. కౌంట్ బేసీ జాజ్ బ్యాండ్‌లో ఫ్రెడ్డీ గ్రీన్ 1937 నుంచి 1987లో పోయేదాకా వాయించాడు. సోలోలు దాదాపు లేవు, నాలుగు దెబ్బలకి నాలుగు కార్డులు, అంతే. ఆయన రికార్డులు విని, మీ గిటార్ మీద ఇలా ప్రయత్నించండి. ఆరో తీగ మూడో ఫ్రెట్, నాలుగో తీగ మూడో ఫ్రెట్, మూడో తీగ నాలుగో ఫ్రెట్. మిగతా మూడు తీగలు వేళ్ళతోనే మూసేయాలి. అది జీ సెవెన్త్. నాలుగో తీగ మీద వేలు ఒక ఫ్రెట్ వెనక్కి జరిపితే జీ సిక్స్త్. ప్రతి దెబ్బ తర్వాత ఎడమచేతి పట్టు కొంచెం వదలండి. టక్కున ఆగిపోతోందని మీరు బాధపడిన శబ్దమే అప్పుడు తాళం పట్టుకుంటుంది.


కమాను:

పన్నెండోమెట్టు గారు చెప్పాల్సింది చెప్పేశారు. వయొలిన్ వాయించే దాన్ని కాబట్టి బ్రిడ్జ్ గురించి ఒక మాట కలుపుతాను. నేను విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నాను, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన కాలేజీ. మేము బ్రిడ్జ్‌ని గుర్రం అంటాం. మా మాస్టారు మొదటి వారంలోనే చెప్పిన పాఠం, గుర్రం పాదాలకీ చెక్కకీ మధ్య సన్న కాగితం కూడా దూరకూడదు. మీ గిటార్‌కి కూడా అంతే అన్నయ్యగారూ. పాదాల కింద సందు ఉంటే శబ్దం అక్కడే చచ్చిపోతుంది.

వెనక నుంచి టార్చి వేసి చూడండి. వెలుతురు కనిపిస్తే, గుర్రం నిలబడే చోట పొట్ట మీద 120 నంబరు గరుకు కాగితం గరుకు వైపు పైకి ఉండేలా టేపుతో అంటించి, గుర్రం కింది ముక్కను దాని మీద నిటారుగా పట్టుకుని ముందుకీ వెనక్కీ రుద్దండి. ఊగనివ్వకండి, ఊగితే పాదాల అంచులు గుండ్రమైపోతాయి. మధ్యమధ్య కాగితం తీసి టార్చితో చూడండి. ఆఖర్న 220 నంబరుతో నాలుగు సార్లు చాలు. వయొలిన్ లోపల ఉండే నిలువు పుల్ల గిటార్‌లో లేదేమని కొందరు కొత్తగా పెట్టేస్తారు. మీరు పెట్టకండి, ఆర్చ్‌టాప్‌కి లోపల అతికించిన చెక్క బద్దలే ఆధారం.

మీ ఊళ్ళో చలికాలం హీటర్ వేస్తారు కదా. గదిలో తేమ 45 శాతానికి తగ్గకుండా చూసుకోండి. నా వయొలిన్ ఒకటి టొరంటోలో మా చెల్లి ఇంట్లో రెండు నెలలున్నందుకే పొట్ట చీలింది.


గోదారిగట్టు:

మూడు వారాలు పట్టింది, అందుకే ఆలస్యంగా రాస్తున్నాను.

బ్రిడ్జ్ పై ముక్క తిరగేసే పెట్టానండీ! మెట్లు మీరు చెప్పాక గానీ కనబడలేదు. సరిగా పెట్టి, కొలిచి, ట్యూనర్ పట్టుకుని ఒక రాత్రంతా కూర్చున్నాను. ఇప్పుడు పన్నెండో ఫ్రెట్ దాకా శ్రుతి బాగుంది, మూడో తీగ ఒక్కటే పిసరంత హెచ్చుతోంది.

చక్రాలు మీరన్నట్టే బిగుసుకుపోయాయి. నూనె వేసి రెండు రాత్రులు వదిలాక కదిలాయి. చాలా పైకి లేపి ఉన్నాయవి. పూర్తిగా దించి స్కేలు పెట్టి చూస్తే చివర బ్రిడ్జ్ పై అంచుకి ఒక మిల్లీమీటరు కిందే తగిలింది. అంటే మెడ పెద్దగా వాలలేదు. తర్వాత వాయించడానికి వీలుగా ఎత్తు సర్దుకుంటే పన్నెండో ఫ్రెట్ దగ్గర 5 కాస్తా 3 అయింది. రీసెట్ ఆలోచన ప్రస్తుతానికి మానేశాను. కమాను గారూ, లావు తీగ వైపు పాదం కింద వెలుతురు కనబడింది. రుద్దడానికి రెండు గంటలు, భయానికి ఇంకో గంట. తేడా మాత్రం మొదటి కార్డుకే తెలిసింది.

చక్రాలు అంత పైకి ఎందుకు లేపారో వాళ్ళమ్మాయిని అడిగాను. చర్చిలో మైకు ఉండేది కాదట, అరవై మంది పాడుతుంటే నాన్న గిటార్ వినబడాలి కదా అంది. అంత ఎత్తు తీగలతో ఆ పెద్దాయన ఆదివారం మొత్తం ఎలా వాయించాడో!

ఆమె నిన్న సాయంత్రం మా ఇంటికొచ్చింది. జీ సిక్స్త్, జీ సెవెన్త్ అటూ ఇటూ మారుస్తూ వాయించాను, నాకు వచ్చిందే అంత. కాసేపు విని ఇంటికెళ్ళి, వంటింటి సొరుగులోంచి ఒక నల్ల ప్లాస్టిక్ ముక్క తెచ్చింది. పిక్‌గార్డ్, మీటేటప్పుడు పొట్ట గీసుకుపోకుండా కాపాడేది. పొట్ట మీది ముదురు మచ్చ మీద పెడితే అచ్చంగా సరిపోయింది. దాన్ని పక్క చెక్కకి బిగించే చిన్న లోహపు బద్ద మాత్రం లేదు. అది ఎక్కడైనా దొరుకుతుందా?


పన్నెండోమెట్టు:

కొత్తవి దొరుకుతాయి గానీ కన్నాలు కలవవు. హార్డ్‌వేర్ షాపులో సన్న ఇత్తడి బద్ద కొనండి, అర అంగుళం వెడల్పు చాలు. ముందు అట్టముక్కతో ఆకారం కత్తిరించి, పిక్‌గార్డ్ కన్నం నుంచి గిటార్ పక్కనున్న కన్నం దాకా వంచి చూసుకోండి. అట్ట కుదిరాకే ఇత్తడి వంచండి. పిక్‌గార్డ్ పొట్టకి తగలకుండా రవ్వంత ఎడం ఉండాలి, లేకపోతే వాయించినప్పుడల్లా జుంయ్ మంటుంది. పాత స్క్రూ కన్నాలు వదులైతే పళ్ళపుల్ల ముక్క బంకతో దూర్చి, ఆరాక బిగించండి.

మూడో తీగ కోసం బెంగపడకండి. ఈసారి తీగలు మార్చినప్పుడు 12 సెట్‌లో (సన్న తీగ 0.012 అంగుళం ఉండేది) పైన సన్న తీగ చుట్టిన మూడో తీగ వేసి చూడండి.