సమస్యాపూరణం: ఎముక పలికె, రాయి యేడ్చె నపుడు

విజయనగరం మేస్టారు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, శీర్షికలో ఉంది. ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. శ్మశానాలూ హరిశ్చంద్రులూ వద్దు బాబూ. సున్నపురాతి గుహ మీదే రాయాలి.

రాజాం కోడలు:
బిలము నేలమట్టి పెళ్లలు విడదీయ
ఖడ్గమృగపు జాడ కాన వచ్చె
వేల యేళ్ల కింది వేటల కథలన్ని
ఎముక పలికె, రాయి యేడ్చె నపుడు

మేస్టారు: బేతంచెర్ల దగ్గరి బిలసర్గం గుహలు కదమ్మా! 1844లో న్యూబోల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఆ ఎముకల సంగతి రాశాడు. 1883-85లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వించారు. ఈరోజు మనకి ఖడ్గమృగం జూలో తప్ప లేదు, అక్కడేమో మట్టిలో దొరికింది. ఖ-కా యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి) హాయిగా ఉంది. కానీ రాయి ఎందుకేడ్చింది? పద్యమంతా ఎముకే ఎత్తుకుపోయింది.

ఎస్.కోట తమ్ముడు: కొత్తవలసలో కిరండోల్ బండెక్కి బొర్రా గుహలకి వెళ్లినప్పుడు చొక్కా మీద పడ్డ చుక్క గుర్తొచ్చి రాశాను.
బొర్ర గుహల కప్పు బొట్టుబొట్టుగ కార
సున్న మూరి యూరి శూల మయ్యె
గోస్తని నది చెక్కు గుహలోన దొరికిన
ఎముక పలికె, రాయి యేడ్చె నపుడు

రాజాం కోడలు: రెండో పాదం నాకు రాలేదే అని కుళ్లుకున్నాను తమ్ముడూ. వాననీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని రాయిని కరిగిస్తుంది, గుహలో ఆ వాయువు విడిపోతే సున్నం మిగులుతుంది. అదంతా ‘ఊరి యూరి’లో వచ్చేసింది. ఐతే బొర్రాలో ఎముకలేటి? ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లకి అక్కడ దొరికినవి రాతి పనిముట్లు.

ఎస్.కోట తమ్ముడు: దొరికిపోయాను అక్కా. మూడో పాదం మారుస్తున్నా:
గుండె కరిగినట్టి కొండమ్మ లోపలి

మేస్టారు: ఇప్పుడు కొండ ఎముకే పలికింది. గుహ కప్పు నుంచి వేలాడే ఆ సున్నపు ఊడల్ని తడితే కొన్ని నిజంగానే మోగుతాయి (తట్టకండి, విరుగుతాయి). ‘అట్టి’ మాత్రం పాదం నింపడానికే పెట్టావు. ఆ సంగతి నీకూ తెలుసు.

బొబ్బిలి బావ: నాకు ఒక్క పాదమే తేలింది. మిగతావి మా ఆవిడ పిలుపుతో పోయాయి.
బ్రూసు ఫుట్టు తవ్వె బిలసర్గ గుహలను

మేస్టారు: గణాలు సరే. బ్రూ-బి యతి చెల్లదు, ఊకారానికి ఇకారం పొసగదు. ‘బిలసర్గ గుహలను’ బదులు ‘పూడిన గుహలోన’ అను. నిజం కూడా అదే, ఎముకలున్నది నేల మీద పేరుకున్న మట్టిలో. తర్వాత హైనాని పట్టుకురా, అదీ దొరికిందక్కడ. ఎముకల్ని గుహలోకి ఈడ్చుకుపోవడం దాని అలవాటు.

బొబ్బిలి బావ: హైనాకి యతి ఎక్కడ తేను మేస్టారూ?

మేస్టారు: మనకి దుమ్ములగొండి ఉండగా హైనా ఎందుకు? దుమ్ము అంటే ఎముకే. ‘దుమ్ములగొండియు’ అంటే రెండు భగణాలు (ఒక గురువు, రెండు లఘువులు చొప్పున), మూడో పాదం చివర అచ్చంగా కూర్చుంటుంది. పాదాన్ని ‘దొ’తోనో ‘తో’తోనో మొదలుపెట్టు.