మాట రాని తమ్ముడికి పన్ను తీయించాలి, నెల్లూరు వైపు ఎవరైనా దారి చెప్తారా?

మాది కావలి దగ్గర పల్లె. తమ్ముడికి 31 ఏళ్ళు, మేధో వైకల్యం. సదరం సర్టిఫికెట్ ఉంది, నెలకు 6000 పింఛను వస్తోంది. మాటలు మాత్రం నాలుగైదే.

పోయిన నెల అన్నం మానేశాడు. కంచం పెడితే తోసేయడం, ఎడమ చెంప మీద తనే కొట్టుకోవడం. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే నోరు కూడా తెరిపించి చూడలేదు. "ఇలాంటి పిల్లలు అంతేనమ్మా" అని నిద్రమాత్రలు రాశారు. పది రోజులకు చెంప వాచింది. అమ్మ టార్చి వేసి చూస్తే దవడ పన్ను నల్లగా పుచ్చిపోయి ఉంది. అదే నొప్పి నాకొస్తే అరగంటలో తేలిపోయేది కదా!

మందులతో వాపు తగ్గింది గానీ పన్ను తీయాలి. కుర్చీలో కూర్చోడు, మత్తు ఇచ్చే తీయాలంటున్నారు. నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఇలాంటి వాళ్ళకి ఓపిగ్గా చేసే డాక్టర్లు తెలుసా?

ఇంకొకటి. మేధో వైకల్యం లాంటివి ఉన్నవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష వరకు ఇస్తుంది. పంటి వైద్యానికి ఎవరైనా వాడారా? డబ్బు చేతికి రావడానికి ఎన్నాళ్ళు పట్టింది?

తమ్ముడి తరఫున సంతకం పెట్టడానికి గార్డియన్ ఆర్డర్ (సంరక్షకులుగా నియమించే ఉత్తర్వు) కూడా అడుగుతున్నారు. అది కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ ఇస్తుంది. అమ్మకి 66, ఒక్కతే అన్నీ చూస్తోంది, ఆఫీసుల చుట్టూ తిరగలేదు. నేనుండేది చెన్నైలో. శనివారం ఊరికి వస్తున్నా, ఆలోపు ఏ కాగితాలు కావాలో చెప్తే సర్దిపెట్టుకుంటాను.