భార్యాపిల్లల్ని వదిలేసి సన్యాసం పుచ్చుకున్నాయనకి ఆరాధన చేయాలా?

గుంటూరు గోంగూర:
ముగ్గురు పిల్లలు పుట్టాక మా తాతయ్య చెప్పా పెట్టకుండా వెళ్ళి సన్యాసుల్లో కలిశాడు. అమ్మమ్మ బ్రాడీపేటలో అప్పడాలు ఒత్తి, ఇల్లిల్లూ తిరిగి అమ్మి పిల్లల్ని పెంచింది. 2004 కృష్ణా పుష్కరాలకి ఆయన బెజవాడ వచ్చాడని తెలిసి అందరం దుర్గా ఘాట్‌కి వెళ్ళాం. మావయ్యలు సాష్టాంగపడ్డారు. అమ్మమ్మ పెరుగన్నం డబ్బా మూత తీసి, "ఉప్పు సరిపోయిందో లేదో చూడండి" అని చెప్పి మెట్ల మీద దూరంగా కూర్చుంది. ఆయన దోసిట్లో వేయించుకుని తిన్నాడు. ఆవిడతో ఒక్క మాట మాట్లాడలేదు. నిరుడు సమాధి అయ్యాడు. ఇప్పుడు ఆరాధన మా ఇంట్లో చేయాలంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.

కృష్ణలంక శర్మ:
దోసిట్లో తినడం కరపాత్ర నియమం తల్లీ. సన్యసించేటప్పుడు ఆత్మశ్రాద్ధం, అంటే తమకి తామే శ్రాద్ధం, పెట్టుకుంటారు, సన్యాస దీక్షలో భాగంగా విరజా హోమం చేస్తారు. అక్కడితో పాత మనిషి పోయినట్టే. అందుకే దహనం చేయరు, తద్దినం పెట్టరు, ఆరాధనే చేస్తారు. ఆయన మాట్లాడకపోవడం నిష్ఠ. దాన్ని తప్పు పట్టకండి.

వన్‌టౌన్ వకీలు:
శర్మగారూ, సగమే చెప్పారు. భార్యాపిల్లలకి జరుగుబాటు చూపకుండా సన్యసించినవాడికి జరిమానా వేయమని కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే ఉంది. 1955 హిందూ వివాహ చట్టంలో, సెక్షన్ 13 కింద, మొగుడు సన్యాసుల్లో కలిస్తే అది విడాకులకి కారణం. కోర్టుకి కాషాయం ఒక్కటే చాలదు, క్రతువు జరిగిందని రుజువు కావాలి. అయినా ఆ రోజుల్లో అప్పడాలు అమ్ముకునే మనిషి కోర్టుకెక్కుతుందా?

బెంజిసర్కిల్ బాబ్జీ:
కార్లలో తిరిగే ఇప్పటి బాబాల కంటే మీ తాతయ్యే నయం అక్కా.

వన్‌టౌన్ వకీలు:
అది వేరే టాపిక్ బాబ్జీ. కొత్త థ్రెడ్ పెట్టుకో.

కృష్ణలంక శర్మ:
వకీలుగారూ, కుటుంబాన్ని గాలికొదిలేయమని ధర్మం చెప్పలేదు. శంకరులంతటివారు తల్లి ఒప్పుకున్నాకే సన్యసించారని, ఆవిడ పోతే తిరిగొచ్చి దహనం చేశారని చెప్పుకుంటాం. సన్యాసి కొడుక్కి తండ్రి కూడా మొక్కాలి, ఆ కొడుకు మాత్రం తల్లికి మొక్కుతాడు.

గుంటూరు గోంగూర:
తల్లికి మొక్కుతాడు, బాగుంది. మరి పెళ్ళానికో? పాత మనిషి పోయినట్టే అన్నారు కదా, అమ్మమ్మ బొట్టు సంగతేంటి శర్మగారూ? ముత్తైదువా కాదా అని పేరంటానికి పిలిచేవాళ్ళు గుమ్మం దాకా వచ్చి తటపటాయించేవాళ్ళు. కొందరు పక్కింటావిడకి కుంకుమ పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. కొన్నాళ్ళకి అమ్మమ్మే ఆ టైమ్‌కి తలుపేసుకుని అప్పడాల పిండి కలుపుకోవడం మొదలుపెట్టింది.

కృష్ణలంక శర్మ:
అప్పుడు బొట్టు తీయక్కర్లేదమ్మా, అప్పటికి ఆయన బతికే ఉన్నాడుగా.

గుంటూరు గోంగూర:
ఆ మాట అప్పుడు మా వీధిలో ఎవరూ చెప్పలేదండీ. సరే, ఆరాధనకి వంట చేస్తాను. పెరుగన్నం మాత్రం చేయను.