ఆల్బమ్‌ని తెలుగులో ఏమందాం? (గ్రామీ వార్తతో వచ్చిన తంటా)

పోస్టు:
పెద్దలకు నమస్కారం. వార్తలు తెలుగు చేసే ఉద్యోగం నాది. 2024 గ్రామీల (అమెరికా సంగీత అవార్డుల) పొద్దున నేను హడావిడిగా రాసిన ఐటమ్‌లో మైలీ సైరస్ ‘ఫ్లవర్స్’కు ఉత్తమ పాట అవార్డు అని ఉంది. రెండు లైన్ల కింద బిల్లీ ఐలిష్‌కూ ఉత్తమ పాట అవార్డే. “ఇదేంటమ్మా, ఉత్తమం ఇద్దరికి ఎలా వస్తుంది?” అని డెస్కులో అడిగితే నా దగ్గర జవాబు లేదు. మొదటిది ‘రికార్డ్ ఆఫ్ ది ఇయర్’, రెండోది ‘సాంగ్ ఆఫ్ ది ఇయర్’. టేలర్ స్విఫ్ట్‌కు వచ్చిన ‘ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్’ని ‘ఉత్తమ పాటల సంపుటి’ అని రాసేశాను. అది కూడా నాకే నచ్చలేదు. ఈ మూడింటికీ తెలుగు చెప్పండి.

జవాబు:
‘ఏటి మేటి గీతమాలిక’. ప్రాస కూడా కుదిరింది, ఇంకేం కావాలి!

జవాబు:
ప్రాస కుదిరింది గానీ అర్థం కుదరలేదు, తమ్ముడూ. ఈ అవార్డు చరిత్ర చూస్తే ‘గీతం’ దగ్గరే బండి ఆగిపోతుంది.

అమెరికా రికార్డింగ్ పరిశ్రమవాళ్లు 1957లో ఒక నేషనల్ అకాడమీ పెట్టుకున్నారు. మొదటి అవార్డులు 1959 మే 4న ఇచ్చారు. గ్రామఫోన్ బొమ్మ ఇస్తారు కాబట్టి గ్రామీ అయింది. ఆ తొలి ఏడాది ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ ఏదో తెలుసా? హెన్రీ మాన్సినీ ఒక టీవీ డిటెక్టివ్ సీరియల్‌కు చేసిన సంగీతం. అంటే మన లెక్కలో బ్యాక్‌గ్రౌండ్ స్కోరు! పోటీలో గాయకుడు ఫ్రాంక్ సినాట్రావి రెండు ఆల్బములున్నా ఆయనకు ఆ రోజు దక్కిన అవార్డు ఒక్కటే, అదీ అట్ట మీది బొమ్మకు.

1961లో బాబ్ న్యూహార్ట్‌కు వచ్చింది. అందులో పాట లేదు, రాగం లేదు. మనిషి ఒక్కడే ఫోనులో మాట్లాడుతున్నట్టు నటిస్తూ నవ్విస్తాడు, అంతే. 1963లో వాన్ మీడర్ ‘ది ఫస్ట్ ఫ్యామిలీ’కి ఇచ్చారు. ప్రెసిడెంట్ కెన్నెడీ గొంతును, ఆయన ఇంటివాళ్లను అనుకరించే మిమిక్రీ అది. అదే ఏడాది నవంబరులో కెన్నెడీని కాల్చి చంపాక దాన్ని అమ్మకం నుంచి తీసేశారు. వీటిని గీతమాలిక అంటావా? మన రేడియోలో ‘సంక్షిప్త శబ్దచిత్రం’ వచ్చేది గుర్తుందా, కొంతవరకు ఆ జాతి సరుకు.

జవాబు:
మా కరీంనగర్ దిక్కు యూట్యూబ్‌ల వచ్చే ఒక్క జానపద పాటను గూడ ‘ఆల్బమ్ సాంగ్’ అనే అంటరు సార్. సినిమాల లేని పాటైతే చాలు, ఆల్బమే.

జవాబు:
అవునవును, ఇది నాకు భలే నచ్చిన వాడుక. మా రోజుల్లో ‘ప్రైవేటు పాట’ అనేవాళ్లం, ఇప్పుడది ఆల్బమ్ అయింది. గ్రామీవాళ్ల దగ్గర మాత్రం చెల్లదు. కనీసం 5 వేర్వేరు ట్రాకులు, మొత్తం 15 నిమిషాలు ఉండాలి. లేదంటే ట్రాకులెన్నయినా 30 నిమిషాలు నిండాలి.

అసలు మాట పుట్టుక చూస్తే లాటిన్‌లో ‘అల్బుస్’ అంటే తెలుపు. రోములో అధికారుల ప్రకటనలు తెల్ల పలక మీద రాసి జనం తిరిగే చోట పెట్టేవారు, ఆ పలక పేరు ఆల్బమ్. తర్వాత 16వ శతాబ్దంలో జర్మన్ విద్యార్థులు స్నేహితుల చేత నాలుగు మాటలు రాయించుకునే ఖాళీ పుస్తకానికి ఆ పేరు పెట్టారు (పదో తరగతి చివర్లో మనం తిప్పే ఆటోగ్రాఫ్ పుస్తకమే). అక్కడి నుంచి స్టాంపులకు, ఫొటోలకు వచ్చింది.

ఇక పాటలకు ఎలా అంటిందో మా తాతగారి పెట్టెలో చూశాను. బైండు చేసిన లావుపాటి పుస్తకం. లోపల కాగితాలకు బదులు ముతక గోధుమరంగు కవర్లు, మధ్యలో గుండ్రటి కన్నం, అందులోంచి గ్రామఫోన్ ప్లేటు లేబుల్ కనబడుతుంది. ఒక్కో ప్లేటుకు వైపుకి మూడు నాలుగు నిమిషాలకు మించి పెద్దగా పట్టదు కాబట్టి పెద్ద కచేరీ అంటే నాలుగైదు ప్లేట్లు. పేజీలు తిప్పినట్టు తిప్పాలి, అందుకే ఆల్బమ్. 1948లో కొలంబియావాళ్లు లాంగ్‌ప్లే తెచ్చాక అదంతా ఒక్క ప్లేటులోకి వచ్చేసింది. పుస్తకం పోయింది, పేరు మిగిలింది. ఇప్పుడు ప్లేటు కూడా లేదు.

పోస్టు పెట్టినవారు:
అయితే ఆల్బమ్‌ని ఆల్బమ్‌గానే వదిలేయమంటారా మాస్టారూ? మరి మిగతా రెండు?

జవాబు:
వదిలేయి. పెళ్లి ఆల్బమ్ అన్నప్పుడు ఎవరికీ అడ్డురాని మాట ఇక్కడెందుకు అడ్డమొస్తుంది? చిక్కంతా ‘రికార్డు’తోనే. పొలం కాగితాలు రికార్డు, క్రికెట్‌లో బద్దలయ్యేది రికార్డు, జాతరలో రికార్డింగ్ డాన్స్. ఆ డాన్సుకు పేరొచ్చింది పాటల ప్లేటు నుంచే.

రికార్డ్ ఆఫ్ ది ఇయర్ అనేది పాట వినబడే తీరుకు, అంటే పాడినవాళ్లకు, దాన్ని తయారుచేసిన ప్రొడ్యూసర్‌కు, ఇంజనీర్లకు. సాంగ్ ఆఫ్ ది ఇయర్ రాసినవాళ్లకు, మాటలకూ వరసకూ కలిపి. దీనికి మన దగ్గర చక్కటి మాట ఉంది: ‘పాట కట్టడం’. త్యాగయ్య పాట కట్టాడు అంటే సాహిత్యం, బాణీ రెండూ వచ్చేశాయి. కాబట్టి బిల్లీ ఐలిష్, ఆమె అన్న ఫినియస్ ‘పాట కట్టినవారి’ లెక్కలోకి వస్తారు. మైలీ సైరస్‌ది ‘ఉత్తమ రికార్డింగ్’.

జవాబు:
ఈ ఆల్బమ్ అవార్డు మనవాళ్లెవరికైనా వచ్చిందా?

జవాబు:
1973లో సితార్ విద్వాంసుడు రవిశంకర్‌కు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బీటిల్స్ బృందం జార్జ్ హారిసన్‌తో కలిసి బంగ్లాదేశ్ శరణార్థుల కోసం చేసిన కచేరీ, మూడు ప్లేట్ల డబ్బాగా వచ్చింది. సితార్, సరోద్ శ్రుతి చేసుకుంటుంటేనే జనం చప్పట్లు కొట్టేశారు. శ్రుతే ఇంత నచ్చితే కచేరీ ఇంకా నచ్చుతుందన్నాడు రవిశంకర్. ఆ చప్పట్లూ ప్లేటులోనే ఉన్నాయి! 2003లో అదే అవార్డు కూతురు నోరా జోన్స్‌కు వచ్చింది.

పోస్టు పెట్టినవారు:
ధన్యవాదాలు మాస్టారూ. ఈసారి ‘ఏటి మేటి ఆల్బమ్’, ‘ఉత్తమ రికార్డింగ్’, ‘ఉత్తమ గీతరచన’ అని రాస్తాను. పాట కట్టడం హెడ్డింగులో పట్టదు.

జవాబు:
గీతరచన అంటే మాటలు మాత్రమే అనుకుంటారమ్మా, వరస కొట్టుకుపోతుంది. ‘పాట కట్టినవారు’ కనీసం లోపలి పేరాలో అయినా పెట్టు. ఇంకోటి, ‘ఏటి మేటి’ రాసేటప్పుడు చివరి గుడి చూసుకో. అది ఎగిరిపోతే ఏటి మేట అవుతుంది. గోదావరి పక్కవాణ్ణి, నాకు ఇసకే కనబడుతుంది.