ఐవీఎఫ్ నడుస్తున్న క్లయింట్లకు రిఫ్లెక్సాలజీ: ఎప్పుడు చేస్తున్నారు, ఎప్పుడు ఆపేస్తున్నారు?

అరికాలు_కూకట్‌పల్లి:

అందరికీ నమస్తే. ఇంట్లోనే ముందుగదిలో రిఫ్లెక్సాలజీ (పాదాల్లో పాయింట్లు నొక్కే పద్ధతి) చేస్తుంటాను, ఆరేళ్లయింది. ఇన్నాళ్లూ వచ్చేది మోకాళ్ల నొప్పులవాళ్లు, నిద్ర పట్టనివాళ్లు, షుగర్‌తో అరికాళ్లు మండేవాళ్లు. ఏడాదిగా వరస మారింది. మా రోడ్డులోనే రెండు ఫెర్టిలిటీ సెంటర్లు తెరిచారు. స్కాన్‌కి వచ్చినవాళ్లు నా బోర్డు చూసి మెట్లెక్కుతున్నారు.

ఇప్పుడు ఒకావిడ, 34 ఏళ్లు. మొదటి ఐవీఎఫ్ ఫెయిలైంది, రెండోది వచ్చే నెల. ఇంజెక్షన్లు మొదలైన దగ్గర్నుంచి బీటా టెస్టు (గర్భం వచ్చిందో లేదో తేల్చే రక్తపరీక్ష) దాకా వారానికి రెండు సిట్టింగులు కావాలంటోంది. మొన్న చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో ఆగి, "మీ దగ్గర చేయించుకుంటే ఈసారి నిలుస్తుంది కదండీ?" అంది. నేను నీళ్లు నమిలాను.

ఏం చెప్పాలి? ఏ రోజుల్లో చేయాలి, ఏ రోజుల్లో మానాలి? నేను నేర్చుకున్న చోట "గర్భిణులకు మొదటి మూడు నెలలు వద్దు" అని ఒక్క ముక్క చెప్పి వదిలేశారు. మరి ట్రాన్స్‌ఫర్ అయిన (పిండాన్ని గర్భసంచిలో పెట్టిన) మర్నాడు ఆవిడ గర్భిణా, కాదా?

గుంటూరు_పాదం:

చిక్కంతా మీ ఆఖరి ప్రశ్నలోనే ఉందండీ. నేనైతే ట్రాన్స్‌ఫర్ నుంచి బీటా దాకా ఆవిడ గర్భిణి అనే లెక్క వేసుకుంటా. చేయను. పదకొండేళ్లుగా ఇదే పద్ధతి.

మిగతా రోజులంటారా, సైకిల్‌కి ముందు నెల మామూలుగా అన్నీ చేస్తా. పీరియడ్ వచ్చిన రెండో రోజో మూడో రోజో ఇంజెక్షన్లు మొదలవుతాయి, ఎనిమిది నుంచి పన్నెండు రోజులు నడుస్తాయి. మొదటి నాలుగైదు రోజులు తేలిగ్గా చేస్తా. మడమ లోపలివైపు చీలమండ కింద గర్భాశయం పాయింటు, బయటివైపు అండాశయం పాయింటు, పాదం పైనుంచి ఆ రెంటినీ కలిపే ట్యూబుల గీత, వీటి జోలికి మాత్రం పోను. ఫాలికల్స్ (అండాలుండే తిత్తులు) పెరిగి పొట్ట బరువెక్కాక కుర్చీలోనే కూర్చోబెట్టి వేళ్లు, అరికాలి మధ్య, ఇరవై నిమిషాలు. అండాలు పక్వానికి రావడానికి ఇచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్ పడిందంటే ఆపేస్తా. అది పడ్డాక 34 నుంచి 36 గంటల్లో ఎగ్ పికప్, అంటే అండాలు బయటికి తీయడం. ఆ ఒకటిన్నర రోజు వాళ్లకు గడియారం తప్ప ఇంకేం కనపడదు. మధ్యలో మనమెందుకు?

ఇదంతా సైన్సని చెప్పడం లేదు. మడమ నొక్కితే పిండం జారిపోతుందని ఎవరూ రుజువు చేయలేదు, నొక్కితే నిలుస్తుందనీ చేయలేదు. నా భయం వేరే. ఒకమ్మాయికి ట్రాన్స్‌ఫర్ అయిన నాలుగో రోజు బతిమాలితే కాదనలేక చేశా. బీటా నెగెటివ్ వచ్చింది. వారం తిరక్కుండా వాళ్లత్తగారు మా వీధిలో నిలబడి "కాళ్లు పిసికి కడుపు తీసింది" అన్నారు. ఆ అమ్మాయి వెనకాల తల వంచుకుని నిలబడి ఉంది. నన్నన్నదానికి కాదు, ఆ అమ్మాయి కూడా అదే నమ్ముతోందేమో అన్నదానికి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కరీంనగర్_అక్యుప్రెషర్:

అక్కా, నాదీ గదే మాట. ట్రాన్స్‌ఫర్ అయినంక నేను ముట్ట. ఇంకోటి చెప్తా, మనోళ్లు అక్యుప్రెషర్, రిఫ్లెక్సాలజీ రెండూ కలిపి చేస్తరు. లోపలి చీలమండకు నాలుగు వేళ్ల మీదికి ఒక పాయింటుంటది, గర్భిణులకు అది వద్దని పాతకాలం నుంచి అక్యుప్రెషరోళ్లు చెప్తరు. పాదం అయిపోయినంక అలవాటుల పిక్క దాకా చెయ్యి పోతది, జర చూస్కోండ్రి. జిమ్మీ కట్టె (పాయింట్లు నొక్కే పుల్ల) అయితే ఈ క్లయింట్లకు అసలే వాడకుండ్రి. చేతివేళ్లతోనే చెయ్యాలె.

రెండో_సైకిల్:

నేను చేసేదాన్ని కాదు, చేయించుకున్నదాన్ని. రాయొచ్చా?

నాకు మూడు ఐయూఐలు (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి ఎక్కించడం), రెండు ఐవీఎఫ్‌లు అయ్యాయి. మొదటి ఐవీఎఫ్ అప్పుడు మా ఊళ్లో ఒకరి దగ్గరికి వెళ్లాను. పేరొద్దు. మొదటి సిట్టింగులోనే ఎడమ మడమ దగ్గర వేలు పెట్టి గట్టిగా నొక్కారు, అబ్బా అన్నాను. "చూశారా, ఇక్కడ గరగరలాడుతోంది, మీ ట్యూబు మూసుకుపోయింది" అన్నారు. నా ట్యూబులు రెండూ తెరుచుకునే ఉన్నాయని అంతకు ఆర్నెల్ల ముందే డై ఎక్కించి తీసిన ఎక్స్‌రే నా ఫైల్లో ఉంది. అయినా ఆటోలో ఇంటికొస్తూ ఏడ్చాను. వారం రోజులు ఆ ఎక్స్‌రే తీసి కిటికీ దగ్గర పెట్టి చూసుకునేదాన్ని, డాక్టర్ తప్పు చదివారేమోనని.

రెండోసారి ఇంకొకావిడ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఏమీ అడగలేదు. "కాళ్లు చల్లగా ఉన్నాయమ్మా" అని తువ్వాలు కప్పారు. అంతే. ఆ గదిలో నేను నిద్రపోయాను. అప్పటికి రోజూ ప్రొజెస్టెరాన్ (గర్భం నిలవడానికి ఇచ్చే హార్మోన్) ఇంజెక్షన్ పొడిచి పొడిచి తుంటి గడ్డలు కట్టింది, ఎటు తిరిగి పడుకున్నా నొప్పే. ఇంట్లో ఫోన్ మోగితే చాలు "ఏమైనా విశేషమా?" అనే. పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను. అట్లాంటప్పుడు గంటసేపు ఎవరూ ఏమీ అడగని చోటుకు డబ్బులిచ్చి వెళ్లాను అనుకోండి.

కాబట్టి మీరు ఏ పాయింటు నొక్కుతారో నాకనవసరం. పాదం చూసి రోగం మాత్రం చెప్పకండి.

అరికాలు_కూకట్‌పల్లి:

రెండో_సైకిల్ గారూ, చదివి సిగ్గుపడ్డాను. నేనూ "ఇక్కడ ఇసుకలా తగులుతోంది" అనేదాన్ని. మాకు అట్లాగే నేర్పారు, అట్లా అంటే క్లయింట్‌కి నమ్మకం కుదురుతుందని. ఇవాళ్టితో బంద్.

లేబర్‌రూమ్_నర్సు:

ఫెర్టిలిటీ వార్డులో కూడా చేశాను కాబట్టి రాస్తున్నా. పాయింట్ల గొడవ నాకు తెలీదు. చేయి వేసేముందు చూడాల్సినవి చెప్తా.

ఒకటి, పిక్కలు. ఈ మందులతో ఈస్ట్రోజెన్ బాగా పెరుగుతుంది, రక్తం గడ్డకట్టే ప్రమాదమూ పెరుగుతుంది. రెండు కాళ్లూ కాస్త నీరు పట్టడం వేరు. ఒక్క కాలే వాచి, పిక్క ఎర్రగా, వేడిగా ఉండి, ముట్టుకుంటే నొప్పి అంటే మాత్రం మసాజ్ మాటే వద్దు. వెంటనే హాస్పిటల్‌కి పంపండి, డాప్లర్ (రక్తనాళాల స్కాన్) తీస్తారు. "పట్టేసింది, కాస్త రుద్దండి" అని వాళ్లే అడుగుతారు. రుద్దకండి.

రెండు, పొట్ట. పీసీఓడీ ఉన్నవాళ్లకు, ఏఎంహెచ్ (అండాల నిల్వను చూపే హార్మోన్) ఎక్కువున్నవాళ్లకు అండాశయాలు అతిగా స్పందించే అవకాశం ఎక్కువ. ట్రిగ్గర్ తర్వాతా, పికప్ తర్వాతా పొట్ట ఉబ్బడం, ఒకట్రెండు రోజుల్లోనే బరువు పెరగడం, మూత్రం తగ్గడం, ఆయాసం, వాంతులు. గ్యాస్ అనుకుని మీ దగ్గరికి వస్తారు. అది గ్యాస్ కాదు, డాక్టర్‌కి ఫోన్ చేయించండి.

మూడు, చాలామందికి రక్తం గడ్డకట్టకుండా ఎకోస్ప్రినో, పొట్టకు పొడుచుకునే హెపారిన్ రకం ఇంజెక్షనో రాస్తారు. ఊరికే కమిలిపోతుంది ఒళ్లు. మీరు మామూలుగా నొక్కినా మర్నాటికి పాదం మీద నీలం మచ్చలు తేలతాయి. మందుల చీటీ చూపించమని అడగడం తప్పేం కాదు.

ఇంకో చిన్న సంగతి. ప్రొజెస్టెరాన్ క్యాప్సూల్ లోపల పెట్టుకునేవాళ్లకు కాసేపటికి అది కరిగి బయటికొస్తుంటుంది. వాళ్లు మీ రిక్లైనర్ పాడవుతుందని బిగుసుకుని కూర్చుంటారు. అడక్కముందే ముదురు రంగు తువ్వాలు ఒకటి పరిచి ఉంచండి.

గుంటూరు_పాదం:

తువ్వాలు సంగతి పదకొండేళ్లలో నాకు తట్టలేదు! థాంక్సండీ.

లెక్కల_మాస్టారు:

నేను నమ్మని బ్యాచ్. మా ఆవిడ నమ్మే బ్యాచ్. అందుకని కూర్చుని వెతికాను. బ్రిటన్‌లో అండం విడుదల కాని ఆడవాళ్ల మీద ఒక ట్రయల్ చేశారు, 2009లో అచ్చయింది. మొత్తం 48 మంది. 26 మందికి అసలు రిఫ్లెక్సాలజీ, 22 మందికి పాయింట్లు లేకుండా ఊరికే మెత్తగా పాదాల మసాజ్. పది వారాల్లో ఎనిమిది సిట్టింగులు. అండం విడుదలైంది అసలు గుంపులో 11 మందికి, అంటే 42 శాతం. ఉత్తుత్తి గుంపులో 10 మందికి, 45 శాతం. గర్భం వచ్చింది ఇటు నలుగురికి, అటు ఇద్దరికి. ఆ నాలుగూ రెండూ చూసి ఎగరకండి, అంత చిన్న గుంపుల్లో ఆ తేడాకు అర్థం లేదు. పైగా అది ఐవీఎఫ్ వాళ్ల మీద చేసింది కూడా కాదు.

రాజమండ్రి_రిఫ్లెక్స్:

మాస్టారూ, కాగితాలు పక్కన పెట్టండి. నా దగ్గర పోయినేడాది ముగ్గురికి నిలిచింది. మీరేమంటారు?

లెక్కల_మాస్టారు:

ముగ్గురూ ఐవీఎఫ్ కూడా చేయించుకున్నారు కదండీ? ఆ లక్షలు పోసింది దేనికి మరి? నిలవనివాళ్లు ఎంతమందో కూడా రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.

రాజమండ్రి_రిఫ్లెక్స్:

నిలవనివాళ్లు మళ్లీ రారు. ఫోనూ ఎత్తరు. అందుకే లెక్క లేదు. మీ పాయింటు అర్థమైందిలెండి.

లెస్టర్_తెలుగమ్మాయి:

నేను కోర్సు ఇక్కడ బ్రిటన్‌లోనే చేశాను. మొదటి రోజు నుంచీ నూరిపోసింది ఒకటే: నయం చేస్తామనొద్దు, రోగం ఇదని చెప్పొద్దు, మందులు మార్చమనొద్దు. మొదటి అపాయింట్‌మెంట్లో ఫారం మీద ఇదే రాసి సంతకం పెట్టించుకుంటాను. క్లినిక్‌లో చెప్పారా అని కూడా అడుగుతాను. చెప్పనంటే నేను చేయను.

విజయవాడ_వెల్‌నెస్:

బోర్డుల గురించి ఒక మాట. మా సూర్యారావుపేటలో ఒకాయన "సంతానలేమికి పాదాల ద్వారా శాశ్వత పరిష్కారం" అని ఫ్లెక్సీ కట్టాడు. అభ్యంతరకర ప్రకటనల మీద 1954 నాటి కేంద్ర చట్టం ఒకటుంది, నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల జాబితాలో స్త్రీల వంధ్యత్వం కూడా ఉంది. చేతివైద్యం దాని కిందికొస్తుందా రాదా అన్నది లాయర్లు తేల్చుకోనీండి, ఆ తంటా మనకెందుకు? నా బోర్డు మీద "పాదాల విశ్రాంతి" అనే ఉంటుంది.

మగపిల్లాడు పుట్టే పాయింటు ఏదని అడిగేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు చెప్పుల స్టాండ్ చూపిస్తా.

పాత_తరం_మనిషి:

ఎవరూ ఎత్తని సంగతి ఒకటి. నాకు 61. వచ్చే అమ్మాయిలకు ముప్పై, ముప్పై అయిదు. నేను కింద పీట మీద కూర్చుని కాలు పట్టుకోగానే గబుక్కున వెనక్కి లాక్కుంటారు. "అయ్యో, పెద్దవారు నా కాళ్లు పట్టుకోవడమేంటండీ, నా ఆయుష్షు తగ్గుతుంది" అంటారు. ఆ కాలు బిగుసుకుని ఉన్నంతసేపూ ఏ పాయింటూ పనిచేయదు. నేనేం చేస్తానంటే, ముందు వాళ్ల చేతిలో నూనె పోసి "నువ్వే రాసుకో తల్లీ" అంటాను. వాళ్లు రాసుకుంటుంటే మాటల్లో పెట్టి నేనందుకుంటాను. సగం మంది లేచి వెళ్తూ నా కాళ్లకు దణ్ణం పెడతారు, లెక్క సరిపోయిందన్నట్టు.

మట్టెల సంగతి కూడా చూడండి. తీయమని అడగకండి. పిల్లల కోసం తిరుగుతున్న అమ్మాయిని మట్టెలు తీయమంటే, పైకి అనకపోయినా మనసులో అశుభం అనుకుంటుంది. మట్టె ఉన్న వేలికీ గర్భసంచికీ నరం ఉందని మా అమ్మ కాలం నుంచీ చెప్తారు, నేను ఖండించను, దాని మీద వ్యాపారమూ చేయను. బొటనవేలి పక్క వేలిని వదిలేసి చుట్టూ చేస్తా. ఒకమ్మాయికి మట్టెలు వదులై తిరుగుతున్నాయి. అడిగితే "ఆర్నెల్లలో ఏడు కిలోలు తగ్గానండీ, బరువు తగ్గితేనే ఐవీఎఫ్ అన్నారు" అంది. దారం చుట్టి ఇచ్చా.

కరీంనగర్_అక్యుప్రెషర్:

పెద్దమ్మా, నూనె ఉపాయం మస్తుగుంది. నేను రేపటి నుంచే చేస్త.

డబ్బులు_ముందే:

ప్యాకేజీల సంగతి కూడా మాట్లాడండి. నేను పన్నెండు సిట్టింగులకు 6,000 ముందే తీసుకునేదాన్ని. ఒకావిడకు ఫాలికల్స్ సరిగా పెరగలేదని మూడో స్కాన్‌లోనే సైకిల్ క్యాన్సిల్ చేశారు. అప్పటికి రెండు సిట్టింగులే అయ్యాయి. ఆవిడ భర్త వచ్చి ఏమీ అడక్కుండా సోఫాలో కూర్చున్నాడు. 5,000 చేతిలో పెట్టాను. అప్పట్నుంచి ఈ క్లయింట్లకు ఏ సిట్టింగు డబ్బులు ఆ సిట్టింగుకే. సైకిల్ ఎప్పుడు ఆగుతుందో డాక్టర్‌కే తెలీదు, మనం పన్నెండు ఎట్లా అమ్ముతాం?

ఆయన కూర్చున్న తీరు చూసి అడిగా, "మీరు చేయించుకుంటారా?" అని. ఎనిమిదేళ్లలో తనను ఆ మాట అడిగినవాళ్లు లేరట. వీర్యం శాంపిల్ ఇచ్చే రోజు చెమటలు పట్టాయని ఆయనే చెప్పాడు. మగవాళ్లను కూడా పిలవండమ్మా.

అరికాలు_కూకట్‌పల్లి:

నెలన్నర తర్వాత రాస్తున్నా. ఆవిడ వచ్చింది. మొదటి రోజే చెప్పేశాను: "నిలుస్తుందో లేదో నా చేతిలో లేదండీ, ఈ గంట మీరు హాయిగా ఉండేలా మాత్రం చూస్తాను." మొహం కాస్త చిన్నబోయింది. లేచి వెళ్తుందనుకున్నా, వెళ్లలేదు. చీటీ చూపించమంటే చూపించింది, రక్తం పలచబడే ఇంజెక్షన్ రాసి ఉంది. నర్సుగారికి దణ్ణం.

ఇంజెక్షన్ల రోజుల్లో గుంటూరు వారి లెక్క ప్రకారమే నడిచాను. ట్రాన్స్‌ఫర్ అయ్యాక మాత్రం నేను వారంత గట్టిగా ఉండలేకపోయాను. ఆవిడే వాళ్ల డాక్టర్‌ని అడిగి, తేలిగ్గా పాదాల వరకు పర్లేదన్నారని మెసేజ్ చూపించింది. పాయింట్లేమీ ముట్టలేదు. గోరువెచ్చటి నూనె రాసి, రెండు పాదాలూ చేతుల్లో పట్టుకుని కూర్చున్నా. అయిదు నిమిషాల్లో గురక. మధ్యలో ఆవిడ ఫోన్ మూడుసార్లు వెలిగింది, "అత్తయ్య" అని. దాన్ని తీసి తువ్వాళ్ల కింద పెట్టా.

గుంటూరు_పాదం:

చేశారన్నమాట! సరే, డాక్టర్ మెసేజ్ దాచి ఉంచుకోండి. ఇంతకీ బీటా ఏమొచ్చింది?

అరికాలు_కూకట్‌పల్లి:

టెస్టు పోయిన గురువారం. నేను అడగలేదండీ.