షుగర్, బీపీ ఉన్నవాళ్లకు టర్మ్ పాలసీ: దరఖాస్తు ఎప్పుడు పెట్టాలి, ఎలా పెట్టాలి?

హెచ్‌ఎస్‌ఆర్_తెలుగు:
నమస్కారం అండీ. మా బావగారి కోసం అడుగుతున్నాను. బెంగళూరులోనే ప్రైవేటు ఉద్యోగం, వయసు 39. షుగర్ 2019 నుంచి ఉంది, మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా. బీపీకి టెల్మిసార్టన్ 40. మొన్నటి హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 7.6. సిగరెట్ అలవాటు లేదు. 60 ఏళ్ల వరకు కోటి రూపాయల టర్మ్ పాలసీ (గడువులోపు మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చే బీమా) తీసుకోవాలని ఉంది. ఒక ఏజెంటేమో "బీపీ సంగతి రాయొద్దు, మెడికల్స్ లేకుండా ఇప్పిస్తా" అంటున్నాడు. ఇంకొకాయన నాలుగు కంపెనీల్లో ఒకేసారి దరఖాస్తు పెట్టి, ముందు ఎవరిస్తే వాళ్ల దగ్గర తీసుకోమన్నాడు. ఏది సరైన దారి? హెల్త్ ఇన్సూరెన్స్‌లో లాగా దీంట్లోనూ పాత జబ్బుకు వెయిటింగ్ (కొన్నాళ్లు గడిచేదాకా ఆ జబ్బుకు డబ్బు ఇవ్వకపోవడం) ఉంటుందా?

రిస్క్_లెక్కలు:
వెయిటింగ్ సంగతి ముందు తేల్చేద్దాం. అది హెల్త్ పాలసీల వ్యవహారం, అక్కడ ఎక్కువలో ఎక్కువ 36 నెలలు. మామూలు టర్మ్ పాలసీలో పాత జబ్బుకు వెయిటింగ్ లేదు. జబ్బు ఎంత బరువో ముందే చూసి ధర కడతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పి తీసుకున్నాక, రేపు ఆ షుగర్ వల్లే గుండెకో కిడ్నీకో ముప్పు వచ్చి మనిషి పోయినా డబ్బు ఇవ్వాల్సిందే. మొదటి ఏడాదిలో ఆత్మహత్య ఒక్కటే మామూలుగా ఉండే మినహాయింపు.

ఇక ధర కట్టే పద్ధతి. ఆరోగ్యవంతుడి రిస్క్‌ను 100 అనుకుంటారు. షుగర్‌కు కొంత, బీపీకి కొంత, బరువు ఎక్కువైతే ఇంకొంత దాని మీద వేస్తూ పోతారు. షుగర్, బీపీ రెండూ ఉంటే విడివిడిగా వేసే పాయింట్ల మొత్తం కంటే ఎక్కువే పడొచ్చు, ఎందుకంటే రెండూ దెబ్బ కొట్టేది ఒకే రక్తనాళాలను, ఒకే కిడ్నీలను. షుగర్ ఎన్నేళ్ల వయసులో మొదలైందన్నదీ చూస్తారు. 33కే వచ్చిన షుగర్, 50లో వచ్చిన దానికంటే బరువు. ఇన్సులిన్ లేకపోవడం, పొగాకు లేకపోవడం మీ బావగారికి కలిసొచ్చేవి.

7.6తో ఇప్పుడే పెడితే ఎక్స్‌ట్రా ప్రీమియం పడే అవకాశమే ఎక్కువ. 7 దగ్గరకు వస్తే అది తగ్గొచ్చు. 8 దాటితే కొన్ని కంపెనీలు "మూడు నుంచి ఆరు నెలలు ఆగి రండి" అని వాయిదా వేస్తాయి. గీత ఎక్కడ గీస్తారన్నది కంపెనీని బట్టి మారుతుంది. ఎర్ర రక్తకణం బతికేది దాదాపు 120 రోజులు కాబట్టి, ఈ రోజు మొదలుపెట్టిన జాగ్రత్త హెచ్‌బీఏ1సీలో పూర్తిగా కనపడాలంటే మూడు నెలలు పడుతుంది. డాక్టరుతో మాట్లాడి మందు సర్దుకోవడానికి ఆ మూడు నెలలు ఆగడం సబబే. అంతకు మించి నెలల తరబడి లాగితే వయసు పెరిగి ఆ లాభం కాస్తా పోతుంది. కొన్ని కంపెనీలు నిండిన వయసును లెక్కేస్తాయి, కొన్ని దగ్గరి పుట్టినరోజును. 39న్నర దాటితే రెండో రకం వాళ్ల దగ్గర 40 అయిపోయినట్టే. తేదీ చూసుకోండి.

నాలుగు చోట్ల ఒకేసారి పెట్టే సలహాను మాత్రం పక్కన పెట్టేయండి. ప్రపోజల్ ఫారంలో, అంటే పాలసీ దరఖాస్తులో, "ఇంతకుముందు ఎక్కడైనా నిరాకరించారా, వాయిదా వేశారా, అదనపు ప్రీమియం అడిగారా, ఇంకెక్కడైనా పెండింగ్‌లో ఉందా" అని అడుగుతారు. ఒక చోట కాదంటే మిగతా మూడు చోట్లా ఆ మాట చెప్పుకోవాలి. దానికి బదులు మంచి బ్రోకరును పట్టుకుని రిపోర్టుల్లో పేరు చెరిపి, రెండు మూడు కంపెనీల అండర్‌రైటర్ల (రిస్క్ చూసి ధర తేల్చేవాళ్ల) దగ్గర ముందస్తు అభిప్రాయం అడిగించండి. వాళ్లు చెప్పేదానికి కట్టుబడి ఉండాలని లేదు, కానీ గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. తర్వాత ఒక్క చోటే పెట్టండి.

శాంపిల్_ట్యూబ్:
పరీక్షల గురించి నాలుగు మాటలు. కోటి రూపాయల కవరు, పైగా షుగర్ అంటే రక్తం, యూరిన్, ఈసీజీ తప్పవు. టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష) అడిగినా ఆశ్చర్యం లేదు. రక్తం ఇంటికొచ్చి తీసుకుంటారు, టీఎంటీకి మాత్రం సెంటరుకు వెళ్లాలి. 10 నుంచి 12 గంటలు ఏమీ తినకుండా ఉండాలి, మంచినీళ్లు తాగొచ్చు. షుగర్ మాత్ర శాంపిల్ ఇచ్చి టిఫిన్ తిన్నాక వేసుకోవాలా అన్నది డాక్టర్ని ముందే అడగండి. బీపీ మాత్ర మానేసి వెళ్లి 160 చూపించుకునేవాళ్లు బోలెడు మంది, అదేం తెలివో! కొలిచే ముందు అయిదు నిమిషాలు కూర్చోవాలి, అరగంట ముందు నుంచి కాఫీ వద్దు.

అండర్‌రైటర్ కళ్లు ముందు పడేది కిడ్నీ మీద. యూరిన్‌లో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. ముందు రోజు జిమ్‌లో బరువులెత్తినా, యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నా, జ్వరం ఉన్నా అది పెరిగి కనిపిస్తుంది. అలాంటప్పుడు అపాయింట్‌మెంట్ మార్చుకోవడమే మేలు. ఐరన్ లోపంతో రక్తం తక్కువగా ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. హిమోగ్లోబిన్ ముందే చూసుకుని, తక్కువైతే ఆ రిపోర్టూ జతచేయండి.

సిగరెట్ లేదన్నారు, మరి గుట్కా, ఖైనీ? యూరిన్‌లో కోటినిన్ (నికోటిన్ ఒంట్లో మారి ఏర్పడే పదార్థం) వాటినీ పట్టిస్తుంది, నికోటిన్ చూయింగ్ గమ్‌నీ పట్టిస్తుంది.

కంపెనీ అడిగేదాకా ఆగకుండా ఏడాది లోపల కంటి ఫండస్ (కంటి వెనక పొర) పరీక్ష రిపోర్టు, పాత హెచ్‌బీఏ1సీలు, ప్రిస్క్రిప్షన్లు ఒక ఫైలుగా పెట్టుకోండి. చూసే డాక్టరు నింపాల్సిన డయాబెటిస్ ప్రశ్నాపత్రం ఒకటి వస్తుంది. ఫైళ్లు ఆగిపోయేది ఎక్కువగా అక్కడే, డాక్టరు సంతకం కోసం.

సెక్షన్_45:
ఆ ఏజెంటు మాట వినకండి. బీపీ దాస్తే జరిగేది ఇదీ. బీమా చట్టం 1938లోని 45వ సెక్షన్ ప్రకారం, పాలసీ జారీ, రిస్క్ మొదలు, పునరుద్ధరణ, రైడర్ (అదనపు కవరు) చేర్చడం, వీటిలో ఏది ఆఖరిదైతే దాని నుంచి 3 ఏళ్లు దాటాక పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించలేరు. ఈ ఒక్క ముక్క చూపించి "మూడేళ్లు గడిస్తే చాలు" అని అమ్ముతున్నారు. రెండో ఏడాదే మనిషి పోతే? కంపెనీ మోసం అని ఆరోపిస్తే, అది మోసం కాదని చూపించుకునే భారం డబ్బు రావాల్సిన కుటుంబం మీదే పడుతుంది. మోసం కాదు, తప్పుడు సమాచారం మాత్రమే అని తేలినా పాలసీ రద్దయి, అప్పటిదాకా కట్టిన ప్రీమియం ఒక్కటే చేతికొస్తుంది. టెల్మిసార్టన్ రోజూ మందుల షాపు బిల్లులో, ఆఫీసు గ్రూప్ హెల్త్ క్లెయిముల్లో కనపడుతూనే ఉంటుంది. దాచడం కుదిరే పని కాదు.

"మెడికల్స్ లేకుండా" అన్నదీ మేలు కాదు. పరీక్షలు చేయించుకుంటే కంపెనీ సొంత ఫైల్లోనే ఆనాటి అంకెలు ఉంటాయి, తర్వాత "మాకు తెలియదు" అనడం కష్టం. ఫోన్లో డాక్టరు అడిగే ప్రశ్నలు రికార్డవుతాయి. బీపీ, షుగర్ ఏ సంవత్సరం నుంచి, ఏ మందు, ఎంత డోసు అన్నది కాగితం చూసి చెప్పాలి. ఓటీపీ ఏజెంటుకు చెప్పకండి, ఫారం మొత్తం చదివాక బావగారే కొట్టాలి. పాలసీతో పాటు ప్రపోజల్ నకలు వస్తుంది, జబ్బుల పేజీ తెరిచి చూడండి. తేడా ఉంటే వెంటనే రాతపూర్వకంగా సరిచేయించాలి. నచ్చకపోతే 30 రోజుల ఫ్రీ లుక్ ఉంది. వెనక్కిచ్చేస్తే ఆ కొన్నాళ్ల రిస్క్ ప్రీమియం, పరీక్షల ఖర్చు, స్టాంప్ డ్యూటీ పట్టుకుని మిగతాది ఇస్తారు.

హెచ్‌ఎస్‌ఆర్_తెలుగు:
చాలా థ్యాంక్స్ అండీ. ఒకవేళ 75 శాతం ఎక్స్‌ట్రా అడిగితే ఒప్పుకోవచ్చా? అసలు పాలసీయే ఇవ్వం అంటే?

రిస్క్_లెక్కలు:
ఉదాహరణకు మామూలు ప్రీమియం ఏడాదికి 20,000 అనుకోండి. 75 శాతం ఎక్స్‌ట్రాతో 35,000. కోటి రూపాయల రక్షణకు అది భరించగలిగితే తీసుకోవడమే నయం. భారమైతే కవరు 75 లక్షలకు తగ్గించమని అడగండి, గడువు కొద్దిగా కుదించమనండి. కౌంటర్ ఆఫర్‌కు (కంపెనీ మార్చిన షరతులతో ఇచ్చే ఆఫర్‌కు) జవాబివ్వడానికి గడువుంటుంది, దాటితే ఫైలు మూసేసి డబ్బు వాపస్ ఇస్తారు. పాత వీడియోల్లో ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ కలిపి చూపిస్తారు, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీలకు అది లేదు.

రెండేళ్లకు షుగర్ అదుపులోకి వచ్చినా ఎక్స్‌ట్రా దానంతటదే తగ్గుతుందనుకోకండి. కొత్తది ప్రయత్నించవచ్చు, కానీ అది చేతికొచ్చేదాకా పాతది ఆపొద్దు. కొత్తదానికి 3 ఏళ్ల లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుందన్నదీ గుర్తుంచుకోండి.

ఇంకొకటి, ఆటోపే పెట్టండి. నెలవారీ కడితే గ్రేస్ (గడువు దాటాక కట్టడానికి ఇచ్చే అదనపు సమయం) 15 రోజులే, ఏడాదికోసారి అయితే 30. పాలసీ ల్యాప్స్ అయితే పునరుద్ధరణకు ఆరోగ్య ప్రకటనో పరీక్షలో మళ్లీ అడుగుతారు. అప్పటికి హెచ్‌బీఏ1సీ 9 ఉంటే అసలు పునరుద్ధరించకపోవచ్చు.

జేపీనగర్_వాసి:
అసలు ఇవ్వం అంటే: పీఎఫ్ ఉంటే ఈడీఎల్ఐ (పీఎఫ్‌తో పాటు వచ్చే బీమా) కింద 7 లక్షల వరకు, పరీక్షలు లేకుండా. ఆఫీసు గ్రూప్ టర్మ్‌లో ఫ్రీ కవర్ లిమిట్ దాకా ఆరోగ్యం అడగరు, హెచ్ఆర్‌ను కనుక్కోండి. ఈ రెండూ ఉద్యోగం ఉన్నన్నాళ్లే. పీఎంజేజేబీవై (ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా యోజన) బ్యాంకులో ఏడాదికి 436 రూపాయలు, 2 లక్షలు, 50 ఏళ్ల లోపు చేరాలి. కొత్తగా చేరినవాళ్లకు మొదటి 30 రోజుల్లో ప్రమాద మరణానికే ఇస్తారు. సరళ్ జీవన్ బీమా (కంపెనీలన్నీ ఒకే షరతులతో అమ్మే టర్మ్ పాలసీ) అందరికీ ఇస్తారని చెప్పేవాళ్లున్నారు, నమ్మకండి. దానికీ ఆరోగ్యం చూసి తేల్చే అండర్‌రైటింగ్ ఉంది, పైగా 45 రోజుల వెయిటింగ్.

క్లెయిముల్లో కొంప ముంచే చోటు ఒకటుంది. ఆసుపత్రిలో చేర్చే కంగారులో ఇంట్లోవాళ్లు "షుగర్ పదేళ్లుగా ఉందండీ" అనేస్తారు, డ్యూటీ డాక్టరు అదే కేస్ షీట్లో ఎక్కిస్తాడు, డిశ్చార్జ్ సమ్మరీలోకీ పాకుతుంది. ప్రపోజల్లో 2019 అని ఉంటే ఇన్వెస్టిగేటరు పట్టుకునేది ఆ వాక్యాన్నే. మొదటి ప్రిస్క్రిప్షన్ ఫోటో అక్కయ్య ఫోన్లో ఉండాలి. సమ్మరీలో సంవత్సరం తప్పుగా ఉంటే ఇంటికొచ్చే ముందే దిద్దించుకోవాలి.

క్లెయిం తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వక ఫిర్యాదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాది లోపు బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరకు వెళ్లవచ్చు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది. బెంగళూరు ఆఫీసు జేపీ నగర్ ఫస్ట్ ఫేజ్‌లో, జీవన్ సౌధ భవనంలో. కోటి పాలసీ అయితే ఈ పరిమితి చిన్నదే, మొత్తం కావాలంటే వినియోగదారుల కమిషన్. అప్పటికి కుటుంబం గుంటూరో అనంతపురమో వెళ్లిపోయి ఉంటే, వాళ్ల చిరునామాను బట్టి హైదరాబాద్ అంబుడ్స్‌మన్ దగ్గరే ఫిర్యాదు పెట్టుకోవచ్చు, దీనికోసం బెంగళూరు రానక్కర్లేదు.